సేవచేసేవారి చొక్కా, పిల్లల చొక్కా
(రొట్టెల పండుగ సేవా ఏర్పాట్ల సమావేశంలో దుస్తుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ముహర్రం దగ్గరపడుతోంది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు ఒడ్డున జరిగే రొట్టెల పండుగలో మన సొసైటీ మూడు పనులు చేస్తుంది: మంచినీళ్ళు అందించడం, ప్రథమ చికిత్స, తప్పిపోయిన పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరికి చేర్చడం. ఈసారి పనిచేసే వారందరికీ ఒకే రకం అచ్చు చొక్కాలు తెప్పించాలని కార్యవర్గం తీర్మానించి, ఆ బాధ్యత మా ఉపసంఘానికి అప్పగించింది. ఏం చేయబోతున్నామో, మీ నుంచి ఏం కోరుతున్నామో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు డబ్బు సంగతి. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలుగా చెప్పింది. మన ఒంటిమీది చొక్కా అందులోకి రాదు. నీళ్ళ కోసమని దాతలిచ్చిన సొమ్ము నీళ్ళకే పోవాలి. కాబట్టి ఎవరి చొక్కా డబ్బు వారే ఇస్తారు. ఇవ్వలేనివారు కోశాధికారి చెవిన ఒక్క మాట వేస్తే చాలు. ఆ లోటు పూడ్చడానికి కొందరు పెద్దలు ముందుకొచ్చారు. ఆ పేర్లు మాకు కూడా తెలియవు, తెలియాల్సిన పని లేదు. మా దగ్గరుండే జాబితాలో ఉండేవి పేరు, కొలత, పీసుల సంఖ్య మాత్రమే.

ఇక కొలతలు. ‘నాది ఎల్ సైజు’ అని ఫోనులో చెప్పవద్దని మనవి. ఒకరి ఎల్ మరొకరి ఎక్సెల్ అవుతుంది. మీకు సరిగ్గా సరిపోయే చొక్కాను మంచం మీద పరిచి, ఈ చంక కింది నుంచి ఆ చంక కింది దాకా టేపు పెట్టి, వచ్చిన అంగుళాలను రెండింతలు చేసి రాయండి. పొడవు కూడా రాయండి. సోదరీమణులకు టీషర్టులు కుదరవు. బురఖా మీద వేసుకునేలా చేతుల్లేని పొడుగు కోటు, పక్కల నాడాలతో కుట్టిద్దామని వారే చెప్పారు. రంగు, అచ్చు మాత్రం అందరికీ ఒకటే. వారి కొలతలు ఒక సోదరి తీసుకుంటారు, ఆ కాగితం వారి దగ్గరే ఉంటుంది.

రంగు ఎంచుకోవడం మన రాష్ట్రంలో చిన్న విషయం కాదు. పసుపు అంటే ఒక పార్టీ, ఎరుపు అంటే ఇంకొకటి, కాషాయం అంటే మరొకటి. నలుపు వేస్తే ముహర్రం సంతాపం పాటించేవారితో కలిసిపోతాం. అందుకని వంకాయ రంగు మీద తెల్ల అక్షరాలు అనుకున్నాం. గుడ్డ నూలుదే, ముందే తడిపి కుదించినది. ఆ జనంలో చెమటకు పాలిస్టర్ పనికిరాదు.

వీపు మీద పెద్ద అక్షరాల్లో ‘మంచినీళ్ళు, సహాయం’ అని తెలుగులో, ఉర్దూలో, తమిళంలో ఉంటుంది. చదవడం రానివారికి గ్లాసు బొమ్మ. బిడ్డ కనపడక కంగారుపడే తల్లి అల్లంత దూరం నుంచే ఎవరిని అడగాలో గుర్తుపట్టాలి, చొక్కా ఉన్నది అందుకే. ఆయత్‌లు గానీ, అల్లాహ్ పేరు గానీ వేయించడం లేదు. చెమట పట్టేది, బకెట్లో నానేది, చివరికి చిరిగి మసిగుడ్డ అయ్యేది చొక్కా. దాని మీద ఆ మాటలు ఉండకూడదు. దుకాణాల ప్రకటనలు కూడా వద్దన్నాం.

అచ్చువేసే చోట తెలుగు ఒత్తులు విడిపోవడం, ఉర్దూ అక్షరాలు కలవకుండా విడివిడిగా పడటం మామూలే. అందుకే ముగ్గురు, ఒక్కో భాషకు ఒకరు, నమూనా చొక్కా చేతిలో పట్టుకుని చదివి సంతకం పెట్టాకే మిగతావి వేయిస్తాం. నమూనాను రెండుసార్లు ఉతికి, అచ్చును చేత్తో సాగదీసి చూస్తాం. రంగు సరిగా కాలకపోతే అక్కడే పగుళ్ళు కనిపిస్తాయి. ధర, అడ్వాన్సు, అప్పగించే తేదీ అన్నీ కాగితం మీదే. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ బాకీ లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించినదేనని మీకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. ఇది స్క్రీన్ ప్రింటింగ్ పని. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ తయారుచేయాలి. ఆ ఖర్చు పది చొక్కాలకైనా, వెయ్యి చొక్కాలకైనా ఒకటే. స్క్రీన్‌కు 1,200 రూపాయలు అనుకుందాం. 20 చొక్కాలైతే ఒక్కోదానిమీద 60 రూపాయలు పడుతుంది, 120 అయితే 10 రూపాయలే. ఈ లెక్క చూసి కొందరు సోదరులు మంచి మనసుతోనే ఒక సూచన చేశారు: మనం బట్టలిచ్చే పేద పిల్లల చొక్కాలు కూడా ఇందులోనే కలిపేద్దాం, వాటి మీద కూడా సొసైటీ పేరు వేయిద్దాం, ధర తగ్గుతుంది, పేరూ వస్తుంది అని.

ధర తగ్గే మాట నిజమే. అయినా మేము ఒప్పుకోలేకపోయాం. ఎందుకో చెబుతాం.

మన చొక్కా మనం మూడు నాలుగు రోజులు వేసుకుని విప్పేస్తాం. ఆ పిల్లవాడు దాన్నే బడికి, బజారుకు, చుట్టాల ఇంటికి వేసుకెళ్తాడు. పెద్దపండుగ నమాజుకు కూడా అదే. వెనక నడిచే ప్రతివాడూ అతని వీపు మీద ‘వీళ్ళకు ఫలానా వాళ్ళు ఇచ్చారు’ అని చదువుకుంటాడు. మనం నోటితో ఒక్క మాట అనకపోయినా, ఆ అచ్చు రోజూ అంటూనే ఉంటుంది. ఎత్తిపొడుపుతో, మనసు నొప్పించడంతో దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని బఖరా సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తుంది. ఎత్తిపొడుపు నాలుకతోనే జరగాలని లేదు, అచ్చుతోనూ జరుగుతుంది.

ఒకే అచ్చులో రెండు చొక్కాలు రావచ్చు. ఒకదాని మీది పేరు ‘నన్ను పని అడగండి’ అంటుంది, రెండోదాని మీది పేరు ‘నేను చేయి చాచాను’ అంటుంది. మొదటిదానికే మనకు హక్కుంది.

కాబట్టి పిల్లల బట్టల పని ఈ ఆర్డరులో కలపకుండా విడిగా పెట్టమని కోరుతున్నాం. గుడ్డ కొని మన ఊరి దర్జీల చేత కుట్టిద్దాం. నాలుగైదు రంగులు ఉంచుదాం, పిల్లలే ఎంచుకుంటారు. ఆ చొక్కా కొన్నదో ఇచ్చిందో పక్కింటివాడికి కూడా తెలియకూడదు. ఖర్చు కొంత పెరుగుతుంది. ఆ పెరిగిన పైకానికి మా ఉపసంఘం సభ్యులం మా వంతు ముందుగా ఇస్తున్నాం, ఇష్టమున్నవారు కలవవచ్చు.

కొలతల కాగితాలు వచ్చే శుక్రవారం జుమా నమాజు తర్వాత తీసుకుంటాం. ఆ తర్వాత వచ్చినవారికి అదనంగా వేయించే కొద్ది పీసుల్లో దొరికితేనే. చొక్కాలు వచ్చాక లెక్కపెట్టి, కవరు మీద పేరు రాసి ఇస్తాం. జమాఖర్చు మసీదు నోటీసు బోర్డు మీద పెడతాం.

మన చేతి నీళ్ళు తాగినవారి దప్పిక అల్లాహ్ తీర్చుగాక, మన సేవను స్వీకరించుగాక. ఆమీన్.