పాత కంప్యూటరును పారేయబాకండి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం అయ్యవారికి కంప్యూటరుతో ఏం పని అని మీలో కొందరు అనుకోవచ్చు. మేము ఇంజనీర్లము కాము. అయితే మా ఇంట్లో పదేండ్లు దాటిన ఒక కంప్యూటరు ఉంది. దాని మీద లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పెట్టుకొని కొన్ని నెలలుగా వాడుతున్నాము. అందువలన మాకు తెలిసివచ్చిన మంచిచెడ్డలను మీ ముందుంచడమే ఈ ప్రసంగ ఉద్దేశ్యం.

ముందుగా ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో చెప్పుకుందాము. వలీమా విందులో వంటవాడుంటాడు, నీళ్ళు మోసేవాడుంటాడు, వడ్డించేవాడుంటాడు. వీరందరికీ పని పురమాయించే పెద్దమనిషి ఒకరు లేకపోతే దేగీ నిండా బిరియాని ఉన్నా పళ్ళెంలోకి రాదు. కంప్యూటరులో కీబోర్డు, తెర, మెమరీ, ప్రింటరు అన్నింటికీ పని పురమాయించే ఆ పెద్దమనిషే ఆపరేటింగ్ సిస్టం. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉన్నది మైక్రోసాఫ్ట్ వారి విండోస్.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమంటే, విండోస్ 10కు ఆ కంపెనీ మామూలుగా ఇచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు మాత్రం ఇంకొక ఏడాది గడువిచ్చారు. మరమ్మతులు ఆగినంత మాత్రాన కంప్యూటరు ఆగదు. కాని దొంగలు దూరే సందు కొత్తగా బయటపడితే, దాన్ని పూడ్చేవారుండరు. పోనీ విండోస్ 11 పెట్టుకుందామంటే దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసరు కూడా సుమారు 2017 తరువాతిదై ఉండాలి. కావలిలోనో నెల్లూరులోనో సెకండ్ హ్యాండులో కొని, పిల్లల చదువులకని ఇంట్లో పెట్టుకున్న కంప్యూటర్లు చాలావరకు అంతకంటే పాతవి. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, అయినా కాలం చెల్లిందని తీర్పు వచ్చేసింది.

ఇటువంటప్పుడు చాలామంది తొక్కే అడ్డదారి ఒకటుంది. ఎవరి దగ్గరో పెన్‌డ్రైవులో దొంగ కాపీ తెచ్చి వేసుకోవడం. అది చట్టవిరుద్ధం. పైగా తాళం పగలగొట్టినవాడు దానితోబాటు ఏ వైరస్ పంపుతున్నాడో మనకు తెలియదు. బడిలో పక్కవాడి పెన్సిలు తీయవద్దని పిలకాయలకు చెప్పే మేము, ఇంటికొచ్చి దొంగ కాపీ ముందు కూర్చోవడం బాగుండదు గదా!

లినక్స్ సంగతి చెబితే మా పొరుగాయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏంది సార్, ఊరికే ఇస్తారంటే ఏదో మెలిక ఉంటది గదా?"

సబబైన ప్రశ్నే. దీనికి జవాబు మన భాషల్లోనే ఉంది. ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒక్క మాటకు రెండర్థాలున్నందువల్ల తికమక. మనకు ఆ బాధ లేదు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. తెలుగులో ఊరికే రావడం వేరు, స్వేచ్ఛ వేరు. లినక్స్ మనకు ముఫ్త్‌గా దొరుకుతుంది, నిజమే. కాని దాని అసలు గుణం ఆజాదీ. దాన్ని ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఎట్లా పనిచేస్తుందో విప్పి చూసి మార్చుకోవచ్చు, ఇతరులకు కాపీ ఇవ్వవచ్చు, మనం మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఈ నాలుగు హక్కులూ వాడేవాడివి.

మన ఉదయగిరి చెక్క గరిటెను తీసుకోండి. కొన్న తరువాత పిడి అరిగితే చెక్కించుకుంటాము, పక్కింటికి ఎరువిస్తాము, పనితనం తెలిసినవాడు దాన్ని చూసి ఇంకొకటి చేసుకుంటాడు. ఎవరూ అడ్డం చెప్పరు. కొన్న సాఫ్ట్‌వేరుకు మామూలుగా ఆ వీలుండదు. వాడుకోవడానికి అనుమతి మాత్రమే మనది. గరిటెకున్న స్వేచ్ఛ కంప్యూటరుకు కూడా ఉండాలన్నదే ఈ ఉద్యమం మాట.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించారు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ విద్యార్థి లినక్స్ కెర్నల్ రాసి లోకానికి విడిచిపెట్టాడు. ఈ రెండూ కలిసి ఎన్నో రూపాలెత్తినవి. 2004లో వచ్చిన ఉబుంటువారు కొన్నేండ్లపాటు అడిగినవారికల్లా సీడీలు ఊరికే పోస్టులో పంపేవారు. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోనుకు కూడా లోపలి కెర్నల్ లినక్సే. కాబట్టి లినక్స్ మాకు తెలియదని అనబాకండి, రోజూ దాన్నే వేలితో తడుముతున్నారు.

మన దేశంలో చెన్నైలోని సి-డాక్ సంస్థ 2007లో బాస్ అనే సిస్టంను విడుదల చేసింది. కేరళ ప్రభుత్వం 2001లో ఐ.టి. ఎట్ స్కూల్ పథకం మొదలుపెట్టి, ఆ తరువాత తన బడులలోని కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మార్చింది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టి తెలుగులో ఆపరేటింగ్ సిస్టం చేయించింది. చిన్నపిల్లల కోసం బాలస్వేచ్ఛ అని వేరుగా తెచ్చింది.

ఇక మేము చేసిన పద్ధతి చెబుతాము. మొదట ఫోటోలు, సర్టిఫికెట్ల స్కానులు, పాఠాల ఫైళ్ళు అన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకున్నాము. ఇది చేయనిదే మరొక అడుగు వేయవద్దు. తరువాత పాత యంత్రాలకు తేలికగా ఉండే లినక్స్ మింట్ ఎక్స్.ఎఫ్.సి.ఇ. రకాన్ని వారి సొంత సైటు నుంచి దించాము. అది సుమారు 3 జీబీ. దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవులోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాములు కూడా ఊరికే దొరుకుతాయి. కంప్యూటరు ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కి, పెన్‌డ్రైవు నుంచి మొదలుపెట్టమన్నాము. కొన్ని కంపెనీల యంత్రాల్లో ఆ మీట వేరుగా ఉంటుంది.

ఇక్కడ ఒక గొప్ప సౌకర్యముంది. లోపలి డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ మొత్తం పెన్‌డ్రైవు నుంచి నడుస్తుంది. నిఖా కంటే ముందు పెళ్ళిచూపుల వంటిదన్నమాట. వైఫై అందుకుంటున్నదా, శబ్దం వస్తున్నదా, ప్రింటరు పలుకుతున్నదా అన్నీ చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవు పీకేస్తే మన పాత విండోస్ ఎట్లున్నది అట్లే ఉంటది. మేము వారం రోజులు అట్లా చూసి, ఆ తరువాతే డిస్కులో ఎక్కించాము. విండోస్‌ను తీసేయకుండా పక్కనే చోటిచ్చాము. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది.

మా కంప్యూటరుకు 4 జీబీ మెమరీయే ఉంది. ఇప్పుడు సణగకుండా నడుస్తున్నది. ఉత్తరాలకు, మార్కుల పట్టికలకు లిబ్రె ఆఫీసు ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో పాఠాల వీడియోలు వస్తున్నాయి. "కరెంటు బిల్లు కట్టే పని అయితదా, లేదా? అది చెప్పండి ముందు" అని మా ఇంట్లోవారు అడిగారు. అదీ అయింది. చిన్నవాళ్ళకు బొమ్మలు గీసే టక్స్ పెయింట్, లెక్కలూ అక్షరాలూ ఆటలాడుతూ నేర్పే జీకాంప్రి పెట్టాము.

కానివి కూడా చెప్పాలి. మా పాత ప్రింటరు ఎంతకూ పలకలేదు. దానికోసం ఇప్పటికీ విండోస్‌లోకి పోతున్నాము. ట్యాలీతో లెక్కలు రాసే దుకాణందార్లు, వేలిముద్ర యంత్రాలతో సేవా కేంద్రం నడిపేవారు తమ పని సాగుతుందో లేదో పరీక్షించుకోనిదే మారవద్దు. మన పక్క రిపేరు చేసేవారిలో లినక్స్ తెలిసినవారు తక్కువ. మొదటి నెల ఓపిక కావాలి.

చివరిగా మా మనసులో ముఖ్యమైన మాట. ఉర్దూ నస్తాలీఖ్ రాత ఏటవాలుగా, అక్షరం మీద అక్షరం ఒరుగుతూ నడుస్తుంది. అచ్చుయంత్రానికి అది లొంగలేదు. మదరాసులో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' పత్రికను ఎన్నో దశాబ్దాలు కాతిబులు చేత్తోనే రాశారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్ తయారయ్యాకనే ఆ రాత కంప్యూటరెక్కింది. 1990లలో ఇన్‌పేజ్ వచ్చి ఉర్దూ అచ్చుపనిని సులువు చేసింది. కాని అది విండోస్ కోసం చేసినది. దాని పాత ఫైళ్ళు యూనికోడులోకి మార్చనిదే ఇంకొకచోట చదవలేము. 2014లో గూగుల్ విడుదల చేసిన నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఖతిని మాత్రం ఎవరైనా, యాడైనా వాడుకోవచ్చు. మేము పాఠాలు ఇప్పుడు దానితోనే రాస్తున్నాము. ఒకే పేజీలో ఉర్దూ కుడి నుంచీ, తెలుగు ఎడమ నుంచీ నడుస్తుంటే చూడ ముచ్చటగా ఉంది.

పెద్ద కంపెనీ లాభం చూసుకొని భాషను పట్టించుకుంటుంది. చిన్న బడి, చిన్న ఊరు దాని లెక్కలోకి రావు. తలుపు తెరిచి ఉన్న సాఫ్ట్‌వేరులోనైతే మాట తప్పుగా ఉంటే మనమే దిద్ది పంపవచ్చు, మాట లేకపోతే మనమే చేర్చవచ్చు. దానికి ఇంజనీరే కానక్కరలేదు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు లిపులూ చదవగల పిలకాయలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. మూడు భాషల భారం అని మనం విసుక్కునే ఆ చదువే అక్కడ కావలసిన పనిముట్టు.

కాబట్టి సంఘానికి మా మనవి ఇది. ఇండ్లలో మూలపడిన కంప్యూటర్లను పాత సామాన్లవాడికి వేయకుండా సంఘానికి ఇప్పించండి. రెండు మూడు యంత్రాలు బాగుపడితే చాలు, ఆదివారం పూట ఆడపిల్లలకొక గంట, మగపిల్లలకొక గంట నేర్పవచ్చు. నేర్పే బాధ్యత మేము తీసుకుంటాము. పెన్‌డ్రైవు మా దగ్గర సిద్ధంగా ఉంది. కాపీ కావలసినవారు ఎవరైనా అడగవచ్చు, ఇచ్చే హక్కు మాకుంది.