నెత్తురు చెప్పే కబురు



గద్వాలలో మగ్గం నేసే అక్క, వనపర్తిలో కలుపు తీసే అక్క, నాగర్‌కర్నూలు నుంచి పనికి వలసపోయే అక్క. ఒంట్లో బాగాలేకపోతే ముగ్గురూ ఒకటే మాట అంటారు. "ఏం లేదులే, గ్యాసు పట్టింది" అంటారు. ఇంట్లో అందరూ తిన్నాక తింటారు. అందరి జబ్బులూ చూపించాక తమ జబ్బు చూపించుకుంటారు.

గుండెపోటు మగవాళ్లకే వస్తుందని, పట్నం వాళ్లకే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో చావుల లెక్క తీశారు. ఇంటింటికీ పోయి, ఎవరు ఏ జబ్బుతో చనిపోయారో అడిగారు. ప్రతి వంద చావుల్లో 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. ఆడవాళ్లకైతే ముట్లు నిలిచాక ఈ ముప్పు పెరుగుతుంది.

కనబడని వాపు

కాలిలో తుమ్మముల్లు దిగితే ఏమవుతుంది? అక్కడ ఎర్రబడుతుంది. ఉబ్బుతుంది. వేడిగా ఉంటుంది. ఒళ్లు ముల్లుతో పోరాడుతున్నదన్న మాట. ముల్లు తీస్తే వాపు తగ్గుతుంది.

ఇలాంటి వాపే రక్తనాళాల గోడల్లోనూ వస్తుంది. అది కంటికి కనబడదు. నొప్పి పెట్టదు. నాళం గోడలో కొవ్వు పేరుకుంటుంది. వాపు వల్ల ఆ కొవ్వు మీది పొర పలచబడుతుంది. ఒకనాడు చిట్లుతుంది. అక్కడ నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుంటుంది. గుండెకు నెత్తురు అందదు. అదే గుండెపోటు.

ఒంట్లో వాపు ఉంటే కాలేయం ఒక పదార్థాన్ని నెత్తురులోకి వదులుతుంది. దాని పేరు సి.ఆర్.పి. నెత్తురు పరీక్ష చేస్తే అది ఎంత ఉందో తెలుస్తుంది.

అమెరికాలో 27,939 మంది ఆడవాళ్లకు ఈ పరీక్ష చేశారు. 30 ఏళ్లపాటు వాళ్ల ఆరోగ్యం గమనించారు. 2024లో ఫలితం చెప్పారు. సి.ఆర్.పి. బాగా తక్కువ ఉన్నవాళ్లలో పదిమందికి గుండెపోటో పక్షవాతమో వస్తే, బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో పదిహేడు మందికి వచ్చినట్టు లెక్క.

లీటరు నెత్తురులో సి.ఆర్.పి. 1 మిల్లీగ్రాము కన్నా తక్కువ ఉంటే మంచిది. 3 దాటితే ముప్పు ఎక్కువ. అయితే జ్వరం, పుండు, పంటిలో చీము ఉన్నా ఇది పెరుగుతుంది. 10 దాటితే ఆ జబ్బు నయమయ్యాక మళ్లీ చూడాలి. అందుకే డాక్టరు చెబితేనే ఈ పరీక్ష చేయించుకోవాలి. ముందు బి.పి., షుగరు చూపించుకోవాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆరోగ్య ఉపకేంద్రంలో ఈ రెండూ ఉచితంగా చూస్తారు.

ముల్లు తీయడం మన చేతుల్లో ఉంది

బీడీ, తంబాకు మానాలి. పొయ్యి పొగ బయటికి పోయే దారి ఉండాలి. ఉప్పు, నూనె తగ్గించాలి. నడుము చుట్టూ కొవ్వు పెరగనివ్వకూడదు. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి. బి.పి., షుగరు మందులు మధ్యలో ఆపకూడదు.

ఈ గుర్తులు మరువకండి

గుండెపోటు వస్తే ఛాతీలో బరువుగా, పట్టేసినట్టు ఉంటుంది. ఆడవాళ్లలో కొందరికి ఛాతీ నొప్పి అంతగా ఉండదు. దవడ, మెడ, వీపు, చేయి నొప్పి పెడతాయి. దమ్ము వస్తుంది. చెమటలు పోస్తాయి. వాంతి వచ్చినట్టుంటుంది. ఎన్నడూ లేనంత అలసట వస్తుంది.

అప్పుడు సోడా తాగి పడుకోవద్దు. "పొద్దున చూద్దాం" అనవద్దు. "పిల్లలకు వండిపెట్టి పోతా" అనవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ గుండె కండ చచ్చిపోతుంది. చచ్చిన కండ మళ్లీ రాదు.

ఇల్లు నిలబడాలంటే ఇల్లాలి గుండె నిలబడాలి. మీ ఒంటి బాగు చూసుకోవడం స్వార్థం కాదు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ వాడలో ఎంతమంది ఆడవాళ్లు ఈ ఏడాది బి.పి. చూపించుకున్నారు?
2. రాత్రిపూట గుండె నొప్పి వస్తే 108కి ఎవరు ఫోన్ చేస్తారు? ఎవరు తోడు పోతారు?
3. ఆడవాళ్లు దవాఖానకు ఆలస్యంగా ఎందుకు పోతున్నారు?