సగం చాక్లెట్
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

అమెరికా విశేషాలు ఏవైనా చెప్పమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. నేను ఒక్కరోజు ప్రయాణం గురించే చెబుతాను. మేము ఇంటిల్లిపాదీ చాక్లెట్ల ఊరికి పోయి వచ్చిన కథ అది. చివర్లో సంఘాన్ని ఒక మాట అడగాలి. నిజానికి అది అడగడానికే వాయల్పాడుకు వచ్చాను.

2014 వేసవిలో అమ్మ మా దగ్గర ఉంది. మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. పొరుగు రాష్ట్రం పెన్సిల్వేనియాలో హెర్షీ అనే ఊరుంది. కారులో రెండున్నర గంటల దారి. పిల్లలు పోదామని పట్టుబట్టారు. అమ్మ దారికి పులిహోర, మజ్జిగన్నం కట్టింది. దారి పొడవునా మొక్కజొన్న చేలు, పాడి ఆవులు. "ఇంత పచ్చగా ఉంటే ఈళ్ళకు కరువు అనే మాట తెలుసునా నాయనా?" అని అడిగింది అమ్మ.

ఊళ్ళోకి పోగానే పిల్లలు కేకలు పెట్టారు. పెద్దవీధి పేరే చాక్లెట్ అవెన్యూ. వీధి దీపాలు కూడా ఆ కంపెనీవాళ్ళ 'కిసెస్' చాక్లెట్ల ఆకారంలో ఉన్నాయి. చాక్లెట్ వరల్డ్ అనే భవనంలోకి పోయాం. అంతకుముందు అసలు ఫ్యాక్టరీలోకే జనాన్ని పంపేవాళ్ళట. తాకిడి తట్టుకోలేక 1973లో దీన్ని కట్టారు. కదిలే బండిలో కూర్చుంటే కోకో గింజలను వేయించడం, నూరడం, పాలూ చక్కెరా కలపడం, అచ్చు పోయడం వరుసగా చూపిస్తారు. మధ్యలో బొమ్మ ఆవులు పాటలు పాడతాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. అమ్మ మాత్రం, "అంతేగదా, చెనిక్కాయలు వేంచి బెల్లం ఏసి దంచినట్టే" అని తేల్చేసింది. బయటికి వచ్చేటప్పుడు తలా ఒక చాక్లెట్ ఉచితంగా చేతిలో పెట్టారు.

మనలో చాలామందికి చాక్లెట్ అంటే న్యూట్రిన్. చిత్తూరులో 1952లో బి. వెంకట్రామరెడ్డి గారు మొదలుపెట్టిన కంపెనీ. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి మనకు పంచింది ఆ చాక్లెట్లే. ఆ న్యూట్రిన్‌ను 2006లో గోద్రెజ్ వాళ్ళు కొన్నారు. మరుసటి ఏడాది వాళ్ళతో జతకట్టింది ఈ హెర్షీ కంపెనీయే. ఆ సంగతి చెబితే మా అమ్మాయి, "అయితే నాన్నా, మీ చాక్లెట్టూ మా చాక్లెట్టూ చుట్టాలే" అంది.

అక్కడే ఆ కంపెనీ స్థాపించిన మిల్టన్ హెర్షీ కథ చదివాను. 1857లో పుట్టాడు. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మిఠాయి అంగట్లో పనికి కుదిరాడు. ఫిలడెల్ఫియాలో సొంత వ్యాపారం పెట్టి మునిగాడు, న్యూయార్క్‌లో ఇంకోసారి మునిగాడు. తర్వాత క్యారమెల్ మిఠాయిలతో నిలదొక్కుకుని, ఆ కంపెనీని 1900లో పది లక్షల డాలర్లకు అమ్మి చాక్లెట్ మీద పడ్డాడు. ఆ దంపతులకు పిల్లలు లేరు. 1909లో అనాథ పిల్లలకు బడి పెట్టారు. భార్య 1915లో పోయింది. 1918లో ఆయన తన ఆస్తిలో చాలా భాగం ఆ బడి ట్రస్టుకు రాసిచ్చాడు. ఇప్పుడు దాదాపు రెండువేల మంది పేద పిల్లలు అక్కడే తిండీ బట్టా వసతీతో ఉచితంగా చదువుతున్నారు.

ఇదంతా తెలుగులో చెప్పేసరికి అమ్మ అడిగింది: "ఆడపిల్లల్ని గూడా చేర్చుకుంటారా?"

మొదట్లో లేదమ్మా, 1970 దశకంలోనే చేర్చుకోవడం మొదలుపెట్టారని చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన పెద్దమ్మిని మానిపించింది గూడా ఆ ఏండ్లలోనే గదా" అంది. చేతిలోని చాక్లెట్‌ను తినకుండా సంచిలో వేసుకుంది.

మా అక్క ఈ బడిలోనే చదివింది. 1978లో వానల్లేక చెనిక్కాయ పంట ఎండిపోయింది. నేను ఆరో తరగతిలో చేరాల్సిన ఏడు అది. ఇద్దర్ని చదివించలేనన్నాడు నాయన. ఎవరు మానాలనే మాటే ఇంట్లో రాలేదు. ఎనిమిది పాసైన అక్క మానేసింది. ఆ ఆగస్టు పదిహేనున కంచె బయట నిలబడి ఉంది. నాకిచ్చిన చాక్లెట్ సగం కొరికి, మిగతాది ఆమెకిచ్చాను. తర్వాత ఆమె కుట్టుమిషను నేర్చుకుంది. మదనపల్లెలో నేను ఇంటర్ చదివినప్పుడు రూము అద్దె ఆ మిషను మీద వచ్చిన డబ్బే. నీకు చదువుకోవాలని ఉండిందా అక్కా అని ముప్పై ఆరేండ్లు నేను అడగలేదు.

హెర్షీ నుంచి ఇల్లు చేరిన ఆ రాత్రి ఫోన్ చేసి అడిగాను. "ఉండింది" అని ఒక్క మాట చెప్పింది. నాకు ఏమనాలో తెలియక, "నీకు సగం చాక్లెట్ ఇచ్చినాను, జ్ఞాపకముందా?" అన్నాను. "సగం యాడిస్తివిరా, కాగితానికి అంటుకునిందే నాకు మిగిలింది" అని నవ్వింది.

నిన్న ఆహ్వానపత్రిక తీసుకుపోయి ఈ సభకు రమ్మన్నాను. "నేనేం పాసైనానని రావాల? అది మీ సభ" అంది. ఆమె తప్పేం లేదు. మన సభ్యత్వ ఫారం చూడండి. 'పదో తరగతి పాసైన సంవత్సరం' అని ఒక గడి ఉంది. మా అక్క దాన్ని నింపలేదు. ఇదే బెంచీల మీద కూర్చుని ఆరుతోనో ఎనిమిదితోనో మానేసిన వాళ్ళెవరూ నింపలేరు. నాలుగో తరగతితో ఆగిన హెర్షీ వచ్చినా నింపలేడు.

నేను అడిగేవి రెండే. ఒకటి, ఆ గడిని 'ఈ బడిలో చదివిన సంవత్సరాలు' అని మార్చండి. రెండు, మొదటి ర్యాంకు వచ్చిన వాళ్ళకు మనం బహుమతులిస్తున్నాం, ఇవ్వాల్సిందే. దాంతోపాటు ప్రతి జూన్‌లో హాజరు పట్టీలు చూసి, తిరిగి రాని పిల్లలెవరో అయ్యవార్లను అడిగి తెలుసుకుని, వాళ్ళ ఇంటికి ఇద్దరం ముగ్గురం పోదాం. బస్సు చార్జీలో, పుస్తకాలో, ఇంట్లో ఒకరి జబ్బో, ఏది అడ్డమో కనుక్కుందాం. మొదటి మూడేండ్లకు అయ్యే ఖర్చు మా 1983 బ్యాచి భరిస్తుంది. మిత్రులతో మాట్లాడే చెబుతున్నాను.

ఫారం మారితే మా అక్క సభ్యత్వ రుసుము నేను కడతాను. ఆమె ఒప్పుకోదు, తనదే కడతానంటుంది. ఆ తగవు మేమిద్దరం తీర్చుకుంటాం.