రాత్రి మూడింటికి రౌటర్‌ని ఆఫ్ చేయొచ్చా?

ఈ ఎపిసోడ్‌ని నా పాత జాబ్ నుంచి మొదలుపెడతాను. అప్పట్లో నేను ఒక నెట్‌వర్క్ టీమ్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. తెల్లవారుజామున మూడింటికి ట్రాఫిక్ గ్రాఫ్ నేలకి ఆనుకుని ఉండేది. పక్కనే ఉన్న కరెంట్ గ్రాఫ్ మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండేది. పగలు ఎంతో రాత్రి కూడా దాదాపు అంతే. ఎందుకన్నా అని సీనియర్‌ని అడిగితే, "రౌటర్ అంటే అంతేరా" అన్నాడు.

నిజంగానే అంతే. డేటా వచ్చినా రాకపోయినా పెద్ద రౌటర్‌లో పోర్టులు, లైన్ కార్డులు, చిప్‌లు, ఫ్యాన్లు అన్నీ ఆన్‌లోనే ఉంటాయి. మన ఫోన్‌లా స్క్రీన్ ఆపగానే నిద్రపోయే టైప్ కాదు. కాబట్టి కరెంట్ గట్టిగా మిగలాలంటే ఒకటే దారి, బాక్స్‌నే ఆపేయాలి.

ఆపితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒకసారి మెయింటెనెన్స్‌లో తొందరపడి, ట్రాఫిక్‌ని ముందు పక్కకి మళ్ళించకుండానే ఒక రౌటర్‌ని రీస్టార్ట్ చేశాను. ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్‌లో రౌటర్లు మామూలుగా 10 సెకన్లకోసారి పక్కవాటికి హలో చెప్పుకుంటాయి. 40 సెకన్లు హలో రాకపోతే ఆ రౌటర్ పోయినట్టే లెక్క. ఇక అన్నీ కలిసి దారులు మళ్ళీ లెక్కేసుకుంటాయి. ఈలోగా ప్యాకెట్లు గాల్లో కలిసిపోతాయి. ఆ రాత్రి కస్టమర్ల ఫోన్లు, పొద్దున మేనేజర్ క్లాసు, రెండూ గుర్తున్నాయి.

దీనికి 2008లోనే ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ, ఏటీ అండ్ టీ ల్యాబ్స్ వాళ్ళు ఒక ఐడియా చెప్పారు. పేరు వ్రూమ్. అంటే వర్చువల్ రౌటర్స్ ఆన్ ద మూవ్. ఆ పేపర్ మెయిన్‌గా మెయింటెనెన్స్ తలనొప్పుల గురించి, కానీ కరెంట్ ఆదా కూడా అందులోనే ఉంది.

మన ఆర్టీసీ నైట్ సర్వీసులే తీసుకోండి. ఒకే రూట్‌లో రెండు బస్సులు, ఒక్కోదాంట్లో పదిమంది. అందరినీ ఒక బస్సులోకి ఎక్కించేసి రెండోదాన్ని డిపోకి పంపేస్తారు కదా? ఇక్కడా అదే. కాకపోతే నిద్రపోతున్న ప్యాసింజర్‌కి మెలకువ రాకూడదు.

ఎలాగంటే, రౌటర్ బుర్ర వేరు, చేతులు వేరు. దారులు లెక్కేసే సాఫ్ట్‌వేర్ బుర్ర. ప్యాకెట్లు తోసే హార్డ్‌వేర్ చేతులు. ముందు బుర్రని మెమరీతో సహా కొత్త బాక్స్‌లోకి కాపీ చేస్తారు. కొద్ది సెకన్లు అది ఆగుతుంది, కానీ 40 సెకన్ల లోపే కాబట్టి పక్క రౌటర్లకి తెలియదు. ఈ టైమ్‌లో పాత చేతులు ప్యాకెట్లు తోస్తూనే ఉంటాయి. బుర్ర కొత్తచోట లేచి కొత్త చేతులకి పని నేర్పుతుంది. కాసేపు రెండు బాక్సులూ పనిచేస్తాయి. తర్వాత లింకులు ఒక్కొక్కటే మారతాయి. నాకైతే ఈ చివరి భాగం భలే నచ్చింది.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ఫైబర్ కేబుల్ పాత బాక్స్‌కే గుచ్చి ఉంటే? సాఫ్ట్‌వేర్ ఎటు ఎగిరినా పాత బాక్స్‌ని ఆపలేం. ఆపకపోతే ఒక్క వాట్ కూడా మిగలదు! అంటే మధ్యలో ఆప్టికల్ స్విచ్ ఉండి, లైట్‌నే వేరే బాక్స్‌కి మళ్ళించగలగాలి. చాలా వీడియోలు ఈ ముక్క చెప్పకుండా దాటేస్తాయి.

లాభం ఎంతో చూద్దాం. బాక్స్ 2000 వాట్లు లాగుతుందనుకోండి. రోజూ రాత్రి 5 గంటలు ఆపితే 10 యూనిట్లు, ఏడాదికి 3650. నెలకి 300 యూనిట్లు వాడే ఇంటికి ఏడాదంతా సరిపోయే కరెంట్. ఏసీ ఖర్చు తగ్గేది అదనం.

మరి రిస్క్? బాక్స్ ఆపిన రాత్రే ఎక్కడో జేసీబీ ఫైబర్ తెంపితే, ట్రాఫిక్ మళ్ళించడానికి స్పేర్ ఉండదు. పెద్ద రౌటర్ లేవడానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో ఎవరో 108కి కాల్ చేస్తూ ఉండొచ్చు. అందుకే ఆ సీనియర్‌ని నేను తప్పుపట్టను. కరెంట్ మిగిల్చినందుకు అతన్ని ఎవరూ మెచ్చుకోరు, లైన్ పోతే మాత్రం ముందు తిట్లు అతనికే.

నన్నడిగితే, ఒకే గదిలో రెండు రౌటర్లు, మధ్యలో ఆప్టికల్ స్విచ్ ఉన్నచోట మొదలుపెట్టమంటాను. అది కూడా పండగ రాత్రి కాదు, మామూలు మంగళవారం రాత్రి. మీలో ఎవరైనా నైట్ షిఫ్ట్‌లో ఉంటే, ఇవాళ మూడింటికి ఆ రెండు గ్రాఫ్‌లూ చూసి కామెంట్‌లో చెప్పండి.