సౌరవిద్యుత్తు: చేతితో నేర్వవలసిన చదువు

ఎండను గూర్చి కొల్లాపూర్ వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఫాల్గుణము దాటినది మొదలు మామిడితోటల నీడలోని నేల సహితము కాళ్ళకు చురుక్కుమనును. నీటి శక్తియు వారికి క్రొత్త గాదు. శ్రీశైల జలాశయములో ఈ ప్రాంతపు గ్రామములెన్నో మునిగినవి. ఆ జలాశయపు ఎడమగట్టున 900 మెగావాట్ల స్థాపిత సామర్థ్యము గల భూగర్భ విద్యుత్కేంద్రము వెలసినది. ఎల్లూరు వద్ద కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు కృష్ణా జలమును మెట్టకు ఎక్కించుచున్నవి. విద్యుత్తు పుట్టుటయు, ఖర్చగుటయు ఈ సీమవారు కన్నులార చూచినవే. అయినను ఇంటిపైని సౌరఫలకము పని మానినచో విప్పి చూడగల యువకుడు గాని యువతి గాని ఊరికొక్కరైన ఉన్నారా? నేడు మనము విచారింపదలచినది ఇదియే.

ఇది ఊహకు పుట్టిన ప్రశ్న కాదు. 2025 మే 19వ తేదీన నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలములోని మాచారమున ‘ఇందిర సౌర గిరి జల వికాసము’ అను పథకము ప్రారంభమైనది. అటవీహక్కుల పట్టాలు పొందిన గిరిజన రైతుల భూములలో సౌరపంపులు అమర్చి, 12,600 కోట్ల రూపాయల వ్యయముతో 6 లక్షల ఎకరములకు నీరందింపవలెనని సంకల్పము. ఆ సంవత్సరమే అదే జిల్లాలోని కొండారెడ్డిపల్లిలో 480 ఇండ్లకు ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున ఫలకములు అమర్చిరి. కిలోవాటునకు దినమునకు 4 యూనిట్లుగా లెక్కించినను ఇంటికి 12 యూనిట్లగును. సంతోషింపవలసినదే. కాని ఫలకము 25 ఏండ్లు మన్నినను, దాని వెంటనుండు ఇన్వర్టరు అన్ని యేండ్లు మన్నదు. నల్లమలలోని ఒక పెంటలో వైశాఖమాసమున పంపు ఆగినచో, పట్నమునుండి మనిషి వచ్చువఱకు క్రొత్తగా నాటిన మొక్క బ్రతికియుండునా?

చదువునకు చోటు లేదనుటకు వీలులేదు. వనపర్తి రాజభవనములో 1959లో నెలకొన్న పాలిటెక్నిక్‌లో ఈ సీమ పిల్లలు తరతరములుగా చదువుచున్నారు. ఐ.టి.ఐ.లకు సోలార్ టెక్నీషియన్ అను ఒక సంవత్సరపు ట్రేడు కలదు. 2015లో కేంద్రప్రభుత్వము ‘సూర్యమిత్ర’ అను పేర సుమారు 600 గంటల శిక్షణను ఆరంభించినది. పాఠ్యప్రణాళికలు వ్రాయుటలో మనవారు ఎన్నడును వెనుకబడలేదు. ఆ గంటలలో ఎన్ని నల్లబల్ల యెదుట గడచును, ఎన్ని మిద్దెమీద గడచును అనునదే మా సందేహము.

మిద్దెమీదనే తెలియు సంగతులు కొన్ని కలవు. ఎండ యెక్కువైన కొలది విద్యుత్తు కూడ ఎక్కువగునని విద్యార్థి తలచును. చేతికి మీటరిచ్చి, మే నెల మధ్యాహ్నమున వోల్టేజి కొలువుమనవలెను. ఫలకపు సామర్థ్యమును 25 డిగ్రీల వేడిమి వద్ద లెక్కకట్టుదురు. ఆపై ప్రతి డిగ్రీకి ఉత్పత్తి నూటికి 0.3 మొదలు 0.4 వఱకు తగ్గును. కాలిన మిద్దెపై ఫలకము 65 డిగ్రీలకు చేరినచో నూటికి 12 మొదలు 16 వంతులు పోయినట్లే. ఫలకము క్రింద గాలియాడ చోటు విడువవలెనని పుస్తకము చెప్పును. ఎందులకో మీటరు చూపును.

అట్లే నీడ. ఒకే కాలువపై వరుసగా నున్న తూములలో ఒక్కటి మూసికొన్నచో క్రిందివానికి నీరు రానట్లు, వేపకొమ్మ నీడ ఒక మూల పడినను ఆ వరుస ఫలకములన్నిటి ఉత్పత్తియు కుంటుపడును. దక్షిణముగా, ఇంచుమించు ఇచ్చటి అక్షాంశమైన 16 డిగ్రీల వాలున బిగించిన ఫలకముపై విద్యార్థి తన తుండుగుడ్డ కప్పి చూచినచో ఈ పాఠమునకు అయిదు నిమిషములు చాలును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణభయము. ఇంటి విద్యుత్తు సెకనుకు 100 మార్లు శూన్యమును దాటును గనుక తీగ విడిపోయినపుడు పుట్టిన నిప్పుమెఱుపు సులభముగా ఆరును. ఫలకమునుండి వచ్చునది ఏకదిశా ప్రవాహము. అది అట్లు ఆగదు. పైగా పగటివేళ ఫలకమును ఆర్పుటకు మీట లేదు. స్విచ్చి కట్టినను ఫలకమునుండి స్విచ్చి వఱకు నున్న తీగలలో వోల్టేజి నిలిచియే యుండును. కనెక్టరు సరిగా నొక్కి బిగింపకున్న అచ్చటనే వేడి పుట్టి, కొన్ని నెలలకు కాలును. ఇంటిలోని వైరింగు తెలిసిన ఎలక్ట్రీషియనుకు సైతము ఈ అలవాటు వేఱుగా నేర్పవలసినదే. చేతొడుగు తొడిగికొని, గురువు ప్రక్కన నిలిచియుండగా పదిమార్లు చేసినగాని ఇది వంటబట్టదు.

రాజస్థానములోని తిలోనియాలో 1972లో బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాల, చదువురాని అమ్మమ్మల చేత ఆఱు నెలలలో సౌరదీపముల సర్క్యూట్లు కూర్పించినది. ఆఫ్రికా దేశములనుండియు స్త్రీలు వచ్చి నేర్చిరి. గురుశిష్యులకు ఉమ్మడి భాష లేదు. రంగుల గుర్తులతోను, చేసి చూపుటతోను పాఠము సాగినది. దీనినిబట్టి పుస్తకమే అక్కఱలేదని మేమనము. పదవ తరగతి చదివిన మన పిల్లకు పుస్తకమును చేతిపనియు రెండును అందింపవచ్చును గదా!

పరీక్షయు మారవలెను. పటము గీయుమని మార్కులిచ్చుటకు బదులు, పరీక్షకుడు ఒక దోషమును రహస్యముగా పెట్టి దానిని కనుగొనుమనవలెను. వేసవి సెలవులని పాఠశాలకు తాళము వేయుట ఈ ఒక్క శాఖకు తగదు. ఫలకపు గుణదోషములు బయటపడునది ఆ నెలలలోనే. అప్పుడు అయిదుగురు విద్యార్థుల జట్టు ఒకటి క్లాంపుమీటరు, స్పానర్లు, క్రింపింగు పనిముట్టు సంచిలో వేసికొని, ఉపాధ్యాయుని వెంట నల్లమల గ్రామములకు పోయి, పంపుపంపునకు వోల్టేజి, ఆంపియర్లు, దుమ్ము, తీగల స్థితి ఒక కార్డుపై వ్రాసి, ఒక ప్రతిని రైతు చేతికిచ్చి రావలెను. మరుసటి యేడు వచ్చు జట్టు ఆ కార్డు చూచి పని మొదలుపెట్టును.