పేరుపెట్టి చెప్పిన వందనం



రోమా పత్రిక 16వ అధ్యాయాన్ని చాలామంది త్వరత్వరగా దాటిపోతారు. అన్నీ పేర్లే కదా అనుకుంటారు. కాని గమనించండి. పౌలు అందరికీ కలిపి ఒక్క వందనం చెప్పి ఊరుకోలేదు. ఫీబే ఎందరినో ఆదుకున్నదని, మరియ ఎంతో శ్రమపడినదని ఒక్కొక్కరినీ పేరుపెట్టి, చేసిన పని చెప్పి జ్ఞాపకం చేశాడు.

ఇప్పుడు మన ఆసుపత్రుల వైపు చూద్దాం. 2020 డిసెంబరు 5వ తేదీ జ్ఞాపకమున్నదా? అప్పటికి ఏలూరే మన పశ్చిమగోదావరి జిల్లా కేంద్రం. అక్కడి వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోసాగారు. కొద్దిరోజుల్లోనే 600 మందికి పైగా జబ్బుపడ్డారు. అసలే కరోనా కాలం. వచ్చినది ఏమి జబ్బో, అంటుతుందో లేదో మొదట ఎవరికీ తెలియదు. అయినా ఆసుపత్రి సిబ్బంది రోగులను చేర్చుకొని చూశారు. ఎక్కువమంది కోలుకొని ఇళ్లకు వెళ్లారు. రక్తంలో సీసము, నికెల్ కనబడ్డాయన్న వార్త మనకు గుర్తున్నది. ఆ రాత్రులు మంచాల మధ్య తిరిగినవారిలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

అదే సంవత్సరం మార్చి 22న సాయంత్రం 5 గంటలకు దేశమంతా వైద్య సిబ్బందికి చప్పట్లు కొట్టింది. కొద్దిరోజులకే కొన్ని ఊళ్లలో అద్దెకున్న డాక్టర్లను, నర్సులను ఇల్లు ఖాళీ చేయమన్నారు! గుంపులో చప్పట్లు కొట్టడం తేలిక. ఒక్క నర్సమ్మను మన పక్క వాటాలో ఉండనివ్వడానికి ప్రేమ కావాలి.

ప్రియులారా, లోపం కనబడితే ఫిర్యాదు రాయడానికి కాగితం వెతుక్కుంటాం. మేలు జరిగితే మనసులో అనుకొని వచ్చేస్తాం. ఈసారి మన తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా ఇలా చేయండి. మీకు సేవ చేసిన ఆ అమ్మాయి పేరు అడగండి. ఆమె చేసిన పని ఏమిటో చెప్పి కృతజ్ఞత తెలపండి. అదే మాట నాలుగు వరుసల్లో రాసి సూపరింటెండెంటు గారికి ఇవ్వండి. చేతిలో నోటు పెట్టకండి. అది మెప్పు కాదు, మామూలు. వార్డు ఊడ్చే అక్కను మరువకండి. ఆమెకు జీతం ఆలస్యమైతే మన శాలువా అన్నం పెట్టదు. ఆమె పక్షాన మాట్లాడడమే నిజమైన సన్మానం.

బాగుపడిన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చినవాడు ఒక్కడే. ఆ ఒక్కరు మీరై యుందురు గాక. ఆమేన్.