నిబిమా వేరు – మాంపాంగు వైద్యశాల



పశ్చిమాఫ్రికా మూలికావైద్యమును గూర్చి ప్రసంగింపఁబూనినవాఁడు అరణ్యమునకంటె ముందు వంటయింటిని దర్శింపవలెను. నైజీరియాలోని ఇగ్బో గృహిణులు ఒనుగ్బు అను చేదాకును నీటిలో పలుమాఱు పిసికి, చేదును కొంత విడిపించి, పులుసులో వేసి వండుదురు. జ్వరము తగిలినను, కడుపు నొచ్చినను ఆ యాకు రసమునే త్రావింతురు. సెనెగల్ ప్రజలకు కింకెలిబా యాకుల కషాయము ప్రభాతపానీయము. రంజాను మాసమున ఉపవాసము విడుచువేళకును అదియే పొయ్యిమీఁద మరుగుచుండును. లాగోసు వీథులలో అగ్బో యను కషాయమును సీసాలలో నింపి, తట్టలు తలకెత్తుకొని స్త్రీలు విక్రయింతురు; లారీ నడుపువాఁడు నిలిచి తన బాధ చెప్పుకొనఁగా, అమ్మునామె తగిన సీసాను ఏఱి పోసి యిచ్చును. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో మన దేశమునుండి ఆ గడ్డకుఁ జేరిన వేపచెట్టును సైతము అచ్చటివారు తమదిగాఁ జేసికొని, మలేరియాకు దాని యాకులను కాచి త్రావుచున్నారు.

ఆహారమునకును ఔషధమునకును నడుమ గోడ లేకుండుట ఈ వైద్యమునకు బలము. కొలత లేకుండుట దీని ప్రమాదము. ఏ బెరడు ఎంత పడినదో, ఎంతసేపు కాఁగినదో, నీట నానినదో సారాయిలో నానినదో అగ్బో త్రావు రోగి యెఱుంగఁడు.

ఈ లోపమును తీర్చఁ బూనుకొన్నవారిలో ఘానా దేశీయుఁడైన డాక్టర్ ఓకు ఆంపోఫో నాకు మిక్కిలి పూజ్యుఁడు. ఎడింబరోలో పాశ్చాత్యవైద్యము నభ్యసించియు, శిల్పిగాఁ గీర్తిగాంచియు, తన ప్రాంతపు నాటువైద్యుల విద్యను గౌరవబుద్ధితో పరిశీలించిన ఆ మహనీయుని సారథ్యమున 1975లో ఆక్వాపెం కొండలలోని మాంపాంగున వృక్షౌషధ పరిశోధన కేంద్రము వెలసెను. అచ్చట మూలికలు ప్రయోగశాలలో పరీక్షింపఁబడుటయే గాక, చెంతనున్న వైద్యశాలలో రోగులకు మందులుగా నొసఁగఁబడుచున్నవి.

నిబిమా యను తీగనే చూడుఁడు. లోన పసుపువన్నె గల దాని వేరును కాచి మలేరియాకు త్రావుట ఘానా పల్లెలలో తరతరముల యాచారము. అందలి క్రిప్టోలెపిన్ అను ఆల్కలాయిడు మలేరియా క్రిమిని చంపునని ప్రయోగశాలలలో రుజువైనది. అదియే పదార్థము కణములలోని డి.ఎన్.ఏ.ను అంటిపట్టుకొని, మన కణములకును హాని సేయఁగలదనియు తేలినది. పల్లెవాని యనుభవమును తోసిపుచ్చినచో మొదటి సత్యము దక్కెడిది కాదు. పరీక్షింపకున్నచో రెండవది తెలిసెడిది కాదు. ఇఁక నన్ను కలఁతపెట్టు విషయ మొకటి కలదు. మందు వేరునం దుండుటచే, త్రవ్వినచో తీగయే నశించును. గిరాకి హెచ్చినకొలఁది అడవిలో నిబిమా తఱుగుట సహజము. కావున మూలికలను తోటలలో పెంచుట పరిశోధనతో సమానముగ అవసరమని నా నిశ్చయము.

పరిశోధనకుఁ దోడుగా, ఘానాలోని కుమాసీ విశ్వవిద్యాలయమున 2001లో మూలికావైద్యమునకు పట్టపరీక్ష యేర్పడెను. ఆ పట్టభద్రులు నేఁడు కొన్ని ప్రభుత్వాసుపత్రులలో పాశ్చాత్యవైద్యుల ప్రక్కగదులలోనే కూర్చుండి రోగులను చూచుచున్నారు.